పాఠం చెప్పి పక్కకు జరగడం: ఆరు నుండి తొమ్మిదేళ్ల పిల్లల మాంటిస్సోరి తరగతి నడిపే విధానం

వరంగల్‌లోనూ కరీంనగర్‌లోనూ ‘మాంటిస్సోరి’ అన్న మాట బడి బోర్డుల మీద తరచుగా కనిపిస్తుంది. పిల్లలు తమ పనిని తామే ఎంచుకొని, చేతితో పట్టుకొని చూసే వస్తువులతో నేర్చుకునే పద్ధతి అది. ఆ మాటకు తగిన పని లోపల నిజంగా జరిగే చోట కూడా అది చాలావరకు ఐదేళ్ల పిల్లలతోనే ఆగిపోతుంది. ఆరో ఏడు రాగానే బెంచీలు, పీరియడ్లు, గంటలు మొదలవుతాయి. ఆరేళ్లు దాటాక కూడా ఈ పద్ధతిని కొనసాగించాలనుకొని, ఒకటి, రెండు, మూడు తరగతుల ఈడు పిల్లలను ఒకే గదిలో ఉంచి పని చేయించబోయే టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. ఈ పద్ధతిని రూపొందించిన ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసుకు వచ్చి, యుద్ధం వల్ల తిరిగి వెళ్లలేక, 1942 నుండి రెండేళ్లు కొడైకెనాల్‌లో ఉన్నప్పుడే ఈ వయసు పిల్లల చదువు గురించిన ఆమె ఆలోచనలు చాలావరకు రూపు కట్టాయి. కనుక ఇది మనకు మరీ పరాయి సరుకేమీ కాదు.

ముందుగా ఆరేళ్ల పిల్లలో వచ్చే మార్పును గుర్తించాలి. నిరుడు ఒంటరిగా కూర్చొని అరగంట సేపు నీళ్లు ఒంపుకున్న పిల్లే ఈ ఏడు పక్కన స్నేహితురాలు లేనిదే పని ముట్టదు. వస్తువు పేరు చెబితే చాలనుకున్న వయసు దాటిపోయి, అది ఎందుకు అలా ఉంది, అలా లేకపోతే ఏమవుతుంది, ఆ నియమం ఎవరు పెట్టారు అని అడిగే వయసు వచ్చింది. ‘టీచర్, వాడు చాప చుట్టకుండనే పోయిండు’ అని రోజుకు పదిసార్లు వచ్చి చెప్పే పిల్లవాడిని చాడీలు చెప్తున్నాడని కసురుకోవద్దు. అతను నేరం మోపడానికి రాలేదు, నియమం నిజంగా అందరికీ వర్తిస్తుందో లేదో తేల్చుకోవడానికి వచ్చాడు. ‘చాప గురించి మనం ఏమనుకున్నాం?’ అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, సమాధానం అతనే చెప్పి వెళ్లిపోతాడు.

గది విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. పిల్లల భుజం ఎత్తు మించని అల్మారాలు, నేల మీద పరిచే చాపలు, ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చోగల బల్లలు, పెద్ద కాగితాలు, నీళ్లు అందే చోటు ఉంటే సరిపోతుంది. ప్రతి వస్తువూ ఒక్కటే ఉండాలి. రెండు ఉంటే ఎదురుచూడడం, అడిగి తీసుకోవడం నేర్చుకునే అవకాశం పోతుంది. పిల్లలు 25 నుండి 30 మంది వరకు ఉన్నా ఇబ్బంది లేదు. పది మందే ఉన్న గదిలో టీచరు ప్రతి పిల్లకూ అందుబాటులో ఉంటుంది కాబట్టి ఎవరూ ఎవరినీ అడగరు, అదే అసలు ఇబ్బంది.

పొద్దుటి మూడు గంటలు

ఈ తరగతికి వెన్నెముక వంటిది పొద్దున ఎడతెగకుండా దొరికే మూడు గంటల సమయం. 9 గంటలకు మొదలైతే 12 వరకు గంట కొట్టకూడదు, డాన్సు మాస్టారు రాకూడదు, ఫీజు రసీదులు పంచడానికి ఆఫీసు నుండి మనిషి రాకూడదు. నేను మొదట పనిచేసిన బడిలో యాజమాన్యం మాంటిస్సోరి మెటీరియల్ అంతా కొనిపెట్టి, నలభై నిమిషాల పీరియడ్లు మాత్రం అలాగే ఉంచింది. పిల్లలు పెద్ద పనిని ఎంచుకోవడం రెండు వారాల్లో మానేశారు. మధ్యలో లేవవలసి వస్తుందని తెలిసినప్పుడు ఎవరు మాత్రం వెయ్యి పూసల గొలుసు పరుస్తారు? చేతికి వచ్చిన చిన్న పని తీసుకొని, గంట కొట్టేదాకా కాలక్షేపం చేయడం నేర్చుకున్నారు. అది పిల్లల తప్పు కాదు, గంట తప్పు.

మూడు గంటలలోనూ ఒకటే ఊపు ఉంటుందని ఆశించవద్దు. మొదటి గంటలో తేలిక పనులు సాగుతాయి. గంటా పదిహేను నిమిషాలు దాటే వేళకు గదిలో మాటలు పెరుగుతాయి, కొందరు నీళ్లు తాగడానికి లేస్తారు, ఇద్దరు ముగ్గురు ఊరికే తిరుగుతారు. కొత్త టీచర్లు సరిగ్గా ఇక్కడే తడబడి, చప్పట్లు కొట్టి అందరినీ కూర్చోబెడతారు. మీరు కుర్చీలోనే ఉండి, పదిహేను నిమిషాలు ఓపిక పట్టండి. ఆ తిరుగుడు తరువాతే ఆ రోజు పనిలో కెల్లా బరువైన పని మొదలవుతుంది. పదిహేను నిమిషాలు దాటినా తేలని పిల్లలుంటే, అప్పుడు మాత్రం వారి దగ్గరకు వెళ్లి, మెల్లగా రెండు పనుల పేర్లు చెప్పి, ఏది చేస్తారో అడగండి.

జూన్ 12న బడి తెరిచిన వెంటనే ఈ మూడు గంటలూ నిలబడవు. మొదటి వారం గంటన్నర చాలు. మిగిలిన సమయంలో తలుపు ఎలా వేయాలి, పనిలో ఉన్నవారిని ఎలా పలకరించాలి, చాప చుట్టూ ఎలా నడవాలి అనే వాటిని చిన్న నాటికల్లాగా ఆడించండి. బతుకమ్మ పండుగ సెలవులు వచ్చేలోగా పూర్తి మూడు గంటలు కుదురుకుంటే మీ తరగతి బాగా సాగుతున్నట్టే.

పాఠం ఎంతసేపు, తప్పు ఎవరు దిద్దాలి

పాఠం ఇద్దరు ముగ్గురు పిల్లలకు, పది పదిహేను నిమిషాలు, ఒక్క విషయం మీదే చెప్పాలి. మొత్తం చెప్పేయకండి, తరువాత ఏమవుతుందో వారే చేసి చూసుకోవలసినంత మిగల్చండి. చెప్పడం అయిపోగానే లేచి వెళ్లాలి. ఈ పద్ధతిలో నాకు అన్నింటికన్నా కష్టమైనది ఇదే, ఇప్పటికీ ఇదే.

ఒక ఉదాహరణ. స్టాంప్ గేమ్ అంటే చిన్న చదరపు బిళ్లల పెట్టె. 1 అని రాసినవి ఆకుపచ్చ, 10 నీలం, 100 ఎరుపు, 1000 మళ్లీ ఆకుపచ్చ. బంగారు పూసలతో (ఒక పూస ఒకటి, పది పూసల కడ్డీ పది, వెయ్యి పూసల ఘనం వేయి) కూడికలు, తీసివేతలు చేసి వచ్చిన పిల్లలకు ఇది తరువాతి మెట్టు. ఒకరోజు ఏడేళ్ల పాప 3004 నుండి 1276 తీసివేయడానికి కూర్చుంది. 1000 బిళ్లలు మూడు, 1 బిళ్లలు నాలుగు పరిచింది. మధ్యలో ఎరుపు లేదు, నీలం లేదు. ఆరు ఒకట్లు తీయాలి, నాలుగే ఉన్నాయి. పక్కన చూస్తే పదులు లేవు, ఆ పక్కన వందలూ లేవు. చాలాసేపు అలాగే చూసింది. నేను ఒకసారి కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చున్నాను. ఆఖరుకు ఆమె ఒక వేయి బిళ్లను పెట్టెలో వేసి, పది నీలం బిళ్లలు తెచ్చుకుంది.

తప్పు. వేయికి పది వందలు రావాలి, పది పదులు కాదు. మామూలు తరగతిలో నేను ఇక్కడే ‘పక్కింటి నుండి అప్పు తెచ్చుకోవాలమ్మా’ అంటూ వేలు పెట్టి దిద్దేదాన్ని. ఆమె మాత్రం ఒక పదిని ఒకట్లుగా మార్చి, ఆరు తీసి, ఏడు పదులు తీసి, వందల దగ్గర మళ్లీ ఆగి, ఈసారి వేయి బిళ్లను సరిగ్గానే పది వందలుగా మార్చి, లెక్క ముగించింది. జవాబు 828. తీసివేతను కూడికతో సరిచూసుకోవాలని ముందే చెప్పి ఉన్నాను. 828కి 1276 కలిపితే 2104 వచ్చింది. ఆమె కాగితం వైపు చూసి, బిళ్లల వైపు చూసి, ఇంకోసారి కూడింది. అప్పుడు లేచి వెళ్లి అల్మారాలోంచి బంగారు పూసల వేయి ఘనాన్ని, పది పూసల కడ్డీలు పదింటిని తెచ్చి పక్కపక్కన పెట్టుకుంది. అరనిమిషం తరువాత గది అంతా వినబడేలా అరిచింది: ‘టీచర్, వెయ్యి ఇచ్చి వందే తెచ్చుకున్న!’ పోయిన 900 అక్కడ దొరికింది. రెండోసారి 1728 వచ్చింది.

నేను మొదటే దిద్ది ఉంటే ఆమెకు ఆ లెక్కలో సరైన జవాబు మాత్రమే దొరికేది. కనుక పాఠం ఇచ్చేటప్పుడే, తప్పు జరిగితే అది ఎలా బయటపడుతుందో ఆ దారి కూడా ఇవ్వండి: కూడి సరిచూడడం, బిళ్లలను పూసలతో పోల్చడం, స్నేహితులతో చేయించి చూడడం. దారి ఇవ్వకుండా వదిలేయడం స్వేచ్ఛ కాదు, అశ్రద్ధ. మూడు రోజుల పాటు అదే తప్పు మళ్లీ మళ్లీ జరుగుతుంటే ఆ పాఠాన్ని మళ్లీ చెప్పాలి. అప్పుడు కూడా ‘నీకు తప్పు వస్తోంది’ అనకుండా, ‘రా, ఇంకో రకంగా చూపిస్తాను’ అని పిలవండి.

అంకెల విషయంలో మరొక జాగ్రత్త. ఈ మెటీరియల్‌లో రంగులు మూడు మూడు స్థానాలకు ఒకసారి తిరిగి వస్తాయి; మన లెక్కలో వేయి దాటాక రెండు స్థానాలకు ఒకసారి పేరు మారుతుంది. స్థానాల విలువను చూపే ఘనాల, పలకల వరుస ఒకటి ఉంది; అందులో అర సెంటీమీటరు ఘనం ఒకటైతే, యాభై సెంటీమీటర్ల ఘనం పది లక్షలు. ఆ వరుసలో యాభై సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, ఐదు సెంటీమీటర్ల మందం ఉన్న ఎర్ర పలకను చేతికిచ్చి, ‘ఇదే లక్ష’ అని చెప్పండి. లక్ష అనే మాటను ఇంట్లో రోజూ వినే పిల్లలు మొదటిసారి దాన్ని రెండు చేతులతో మోస్తారు. మిలియన్ సంగతి తరువాత చూసుకోవచ్చు.

పెద్ద కథలను మన నేల మీదకు తేవడం

ఏడాది మొదట్లో చెప్పవలసిన ఐదు పెద్ద కథలు ఉన్నాయి: విశ్వం పుట్టుక, జీవం రాక, మనిషి రాక, రాత కథ, అంకెల కథ. ఇవి పిల్లలను పరీక్షించే పాఠాలు కావు; ప్రశ్నలు పుట్టించే కథలు. మొదటి ఏడాది నేను విశ్వం కథను గంట పైన చెప్పాను. చివరికి నా మాట వింటున్నది అగ్నిపర్వతం నమూనా ఒక్కటే. ఇరవై ఐదు నిమిషాలు దాటనీయకండి.

భూమి వయసును పన్నెండు గంటల గడియారంగా చూపే పటం ఈ తరగతుల్లో వాడుకలో ఉంది. 460 కోట్ల ఏళ్లను పన్నెండు గంటలకు పంచితే గంటకు సుమారు 38 కోట్ల ఏళ్లు వస్తాయి. ఆ పటం మీద మన ప్రాంతాన్ని కూడా గుర్తించండి. మన చుట్టూ కనిపించే గ్రానైట్ గుట్టల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గడియారంలో అది ఐదున్నర ప్రాంతం. సింగరేణి బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడినది; అంటే 11 గంటల 20 నిమిషాలకు కాస్త ముందు. గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర ఎముకలు దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ 11:30 దాటాక వస్తుంది. దాని అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. మన జాతి మనుషులు చివరి మూడు సెకన్లలో వస్తారు. భూపాలపల్లి నుండో మందమర్రి నుండో వచ్చే బంధువులున్న పిల్లలు ఒక బొగ్గు పెళ్ల తెచ్చి బల్ల మీద పెడితే, ఆ పటం గోడ మీది బొమ్మగా మిగిలిపోదు.

రాత కథకు ఈజిప్టు, ఫినీషియా తప్పనిసరిగా వస్తాయి, రావాలి కూడా. దానితో పాటు కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మగుట్ట సంగతి చెప్పండి. పదో శతాబ్దంలో కన్నడ కవి పంపని తమ్ముడు జినవల్లభుడు అక్కడి బండ మీద చెక్కించిన శాసనంలో మూడు తెలుగు కంద పద్యాలు ఉన్నాయి. ఆ కాలపు అక్షరాల బొమ్మను, ఇప్పటి అక్షరాల పట్టికను పక్కపక్కన ఇచ్చి వదిలేస్తే, ఏ అక్షరం ఎలా మారిందో వెతకడానికి పిల్లలకు రెండు పొద్దులు పడుతుంది. అంకెల కథలో ౧, ౨, ౩ చూపడం మరచిపోకండి. ఇప్పటి పిల్లల్లో చాలామంది వాటిని క్యాలెండరు మీద తప్ప చూసి ఉండరు.

తెలుగు వాక్యానికి గుర్తులు పెట్టడం

వ్యాకరణ గుర్తుల (వాక్యంలో ఒక్కో మాట మీద దాని రకాన్ని చూపుతూ పెట్టే రంగు బొమ్మల) దగ్గర జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అవి తెలుగు కోసం పుట్టినవి కావు. నామవాచకానికి పెద్ద నల్ల త్రిభుజం, క్రియకు ఎర్ర గుండ్రం, విశేషణానికి ముదురు నీలం త్రిభుజం. ఇంతవరకు మనకు సరిగ్గా సరిపోతాయి. ఇంగ్లిష్‌లోని ‘ఎ’, ‘ద’ వంటి మాటలకున్న లేత నీలం త్రిభుజాన్ని తెలుగు పెట్టెలోంచి తీసివేయండి. ‘ఒక’ అన్న మాటను దాని కింద ఇరికించే ప్రయత్నం చాలాచోట్ల చూశాను, అవసరం లేదు.

విభక్తులకు ఆకుపచ్చ నెలవంక వాడతాం. ముందు ‘మీద’, ‘కింద’, ‘దగ్గర’ వంటి విడిగా నిలిచే మాటలతో మొదలుపెట్టండి: ‘ఎర్ర పుంజు గోడ మీద కూసింది.’ గుర్తులు పెట్టాక చీటీలు కలిపేసి, పిల్లలను మళ్లీ వరుస కట్టమనండి. ‘గోడ మీద ఎర్ర పుంజు కూసింది’ అన్నా వాక్యం నిలుస్తుందని, ‘మీద గోడ’ అంటే మాత్రం నిలవదని వారికే తెలుస్తుంది. ‘గోడకు’, ‘గోడను’ వంటివి రెండో ఏట చాలు. అప్పుడు ప్రత్యయాన్ని ఆకుపచ్చ పెన్సిలుతో రాయించి, దాని మీద చిన్న నెలవంక పెట్టిస్తాను.

అసలు ఆట ఎర్ర గుండ్రం దొరకని చోట మొదలవుతుంది. ‘ఇది మా బడి’ అన్న వాక్యం రాసుకున్న ఇద్దరు పిల్లలు ఒకసారి నా దగ్గరకు పరుగెత్తుకొచ్చారు. ‘టీచర్, ఇండ్ల క్రియ లేదు. ఎట్ల?’ క్రియ లేని వాక్యం తెలుగుకు సహజమని అప్పటికప్పుడు వివరించవచ్చు, కానీ వివరించకండి. ‘మీ బడి కాకపోతే ఏమంటారు?’ అని అడిగాను. ‘ఇది మా బడి కాదు’ అని రాసి, ‘కాదు’ మీద ఎర్ర గుండ్రం పెట్టి, ఆ మాట అంతసేపూ ఎక్కడ దాక్కుందని ఆ పూటంతా క్రియ లేని వాక్యాలు వెతికారు. ‘వచ్చాడు’ అన్న ఒక్క మాటలో మనిషి కూడా దాగి ఉన్నాడని కనుక్కోవడం దీని తరువాతి మెట్టు.

ఇంటి భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పిల్ల ‘పోయిండు’ అని రాస్తే కొట్టివేసి ‘వెళ్ళాడు’ అని రాయకండి. రెండింటినీ రెండు చీటీల మీద రాసి, రెండింటి మీదా ఎర్ర గుండ్రం పెట్టించి, ఇంట్లో ఏది, పుస్తకంలో ఏది అని వేరు చేయించండి. తన మాటను తప్పుగా చూసిన గదిలో ఏ పిల్లా సొంత కథ రాయదు.

లెక్క చెప్పుకోవడం

స్వేచ్ఛకు జత లెక్క చెప్పుకోవడం. ప్రతి పిల్లకూ ఒక పని నోటుపుస్తకం ఉండాలి. పని మొదలుపెట్టిన వేళ, పని పేరు, ఎవరితో చేశారు అనే మూడు సంగతులు పిల్లలే రాసుకుంటారు. రోజుకు ఐదారుగురి చొప్పున, వారానికి ఒకసారి ఒక్కొక్కరితో పది నిమిషాలు కూర్చొని ఆ పుస్తకం తిరగేయండి. ‘ఈ వారం అంతా లెక్కలే ఉన్నాయి, తెలుగు ఎప్పుడు?’ అన్న ప్రశ్న మీరు అడగకముందే పిల్ల నోట వస్తే మంచిది. మూడో ఏటి వారికి ప్రభుత్వ మూడో తరగతి పాఠ్యాంశాల జాబితాను కూడా చూపించి, ఏవి అయ్యాయో వారినే గుర్తు పెట్టుకోమనండి. దాచవలసిన పని లేదు.

మీ పుస్తకంలో ఏ పాఠం ఎవరికి చెప్పారో రాయడం ఎలాగూ ఉంటుంది. ‘తరువాత ఏం చేశారు’ అన్న గడి కూడా ఒకటి గీసుకోండి. ఆ గడి వరుసగా ఖాళీగా ఉంటే లోపం పాఠంలో ఉంది.

బయటకు వెళ్లడం అంటే బస్సులో అరవై మందిని ఎక్కించే విహారయాత్ర కాదు. గదిలో తీరని ప్రశ్న ఒకటి పుట్టి, ఇద్దరు ముగ్గురు పిల్లలే ఎక్కడికి, ఎలా, ఎంత ఖర్చుతో వెళ్లాలో లెక్క వేసుకొని, ఒక పెద్ద మనిషిని తోడు తీసుకొని వెళ్లడం. వెయ్యి పూసల గొలుసు గదిలో పట్టక వరండాలోకి పరిచిన రోజు, రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడిలో నిజంగా వెయ్యి స్తంభాలు ఉన్నాయా అన్న ప్రశ్న పుట్టింది. ముగ్గురు ఆటోలో వెళ్లి లెక్కించి వచ్చారు. ముగ్గురి లెక్కలూ మూడు రకాలుగా వచ్చాయి. చిన్న స్తంభాలను, గోడలో కలిసిపోయిన వాటిని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని వాదించుకొని, రెండోసారి వెళ్లే ముందు ‘స్తంభం అంటే ఏమిటి’ అని కాగితం మీద రాసుకున్నారు. తోడు వెళ్లే పెద్దలకు ఒకటే మాట చెప్పి పంపండి: అడిగితే తప్ప ఏమీ చెప్పవద్దు.

తల్లిదండ్రులు ‘మేడమ్, నోటుబుక్కుల ఏం లేదు, హోంవర్క్ కూడ ఇస్తలేరు’ అని వస్తారు, రావడం న్యాయమే. వారిని వాదనతో ఒప్పించలేం. పొద్దున పదిన్నరకు రమ్మని, మూలన కుర్చీ వేసి, అరగంట కూర్చోబెట్టండి. ఇంటి పని కావాలంటే సంచిలో బియ్యం తూచడం, కూరగాయల చిల్లర లెక్క, నానమ్మ చెప్పిన కథ రాసుకురావడం సరిపోతాయి.

మార్చి నెల నడుమ ఒంటిపూట బడులు మొదలైనప్పుడు మూడు గంటల పనిని తగ్గించకండి. 8 గంటలకే మొదలుపెట్టి 11 వరకు నడిపి, కథలు, పాటలు, గది సర్దడం ఆ తరువాతకు నెట్టండి. ఎండ ముదరక ముందు పిల్లల చేతులు చురుకుగా ఉంటాయి. వచ్చే ఏడు మామూలు బడిలో నాలుగో తరగతికి వెళ్లే పిల్లలుంటే, ఈ నెలన్నరలోనే వారానికి ఒకసారి గడియారం ముందు పెట్టుకొని ప్రశ్నాపత్రం రాయడం, బల్ల దగ్గరే గంట సేపు కూర్చోవడం అలవాటు చేయండి. దాన్ని కూడా ఒక పాఠంలాగే చెప్పి, ఎలా రాయాలో ఒకసారి చూపి, పక్కకు జరగండి.